ఒక ముడి ఎరుపు, రెండు ముళ్ళు ఆకుపచ్చ

మా బాపుకు ఏదైనా ఆలోచన వస్తే ముందు తలుపుకు తెలిసేది, తర్వాత ఊరికి తెలిసేది, అందరికన్నా చివర ఇంట్లో ఉన్న మాకు తెలిసేది. నూలు దాచే చీకటి కొట్టు తలుపు మీద సుద్దముక్కతో రాసి, నాలుగడుగులు వెనక్కి జరిగి, మీసం దువ్వుకుంటూ తనే చదువుకునేవాడు. ఆ తలుపు మీద పడిన మాట జరిగిపోయినట్టే లెక్క. ఎదురు చెప్పడానికి తలుపుకు నోరు లేదు, నోరున్న మాకు ధైర్యం లేదు.

నిజాం సర్కారు జూబ్లీ పండుగలైన మరుసటి ఏడు ఆ తలుపు మీద రెండు వరుసలు పడ్డాయి. "లింగస్వామి – రంగుల కాలేజీ – బొంబాయి. అంజయ్య – వకీలు చదువు – పట్నం." మూడో వరుస ఉండాల్సిన చోట, అంటే నా పేరు ఉండాల్సిన చోట, గొళ్ళెం ఉంది.

నారాయణపేటలో నాలుగు మగ్గాలతో మొదలైన మా పని అప్పటికి ఇరవై రెండు మగ్గాలైంది. మా చీరలు షోలాపూరు, పుణె దాకా పోయేవి. పోయినవి పోయినట్టు ఉంటే బాగుండేది. ఆ వేసవిలో ఒక మూట తిరిగి వచ్చింది. ఒక్క ఉతుకుకే అంచు ఎరుపంతా చీర ఒంటి మీదికి కారిందట. బాపు మొదట రంగులు వేసేవాణ్ణి తిట్టాడు. తర్వాత బావి నీళ్ళను తిట్టాడు. తర్వాత రంగు పొట్లం మీద బొమ్మలో ఉన్న దొరను కూడా తిట్టాడు. మూడు రోజులు అలా తిట్టి, ఇంట్లో ఒకడు రంగుల శాస్త్రం చదివితే తప్ప ఇరవై రెండు మగ్గాలు యాభై కావని తేల్చాడు. రాజ్యం సరిహద్దు దాటేచోట కరోడ్‌గిరి నాకా వాళ్ళు సుంకం పేరు చెప్పి మూటలు ఆపేస్తున్నారు కాబట్టి, ఇంకొకడు వకీలు కావాలి.

ఆ వకీలుకు అప్పుడు పదేళ్ళు. పంతులు పేరడిగితే గోడ వైపు చూసేవాడు అంజయ్య. వాడు పెద్దయి నాకా వాళ్ళతో వాదిస్తాడట!

రంగుల శాస్త్రానికి ఎంచిన లింగస్వామి మా అన్న. పద్దెనిమిదేళ్ళవాడు, పాలమూరులో మెట్రిక్ పాసై అప్పుడే ఇంటికి వచ్చాడు. వాణ్ణే ఎందుకు ఎంచాడో బాపు మంగలికి చెప్పాడు, గాజులమ్మకు చెప్పాడు, మా మగ్గాల మీద నేసే జానయ్యకైతే రోజుకు రెండుసార్లు చెప్పాడు.

"మా లింగనికి చేతులల్లనే కండ్లున్నయ్ జానయ్యా. చీకటి కొట్ల దీపం లేకుంట చెయ్యి వెడ్తడు, అడిగిన రంగు తెస్తడు. మీరేమో పట్టపగలు నలుపేదో ఊదా ఏదో తెల్వక కొట్లాడ్తరు."

చేతుల్లో కళ్ళున్న మాట నిజమే. మొహం మీద ఉన్న కళ్ళతోనే వచ్చింది చిక్కు. మా అన్నకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు.

ఈ సంగతి లోకంలో ముగ్గురికి తెలుసు. అన్నకు, అమ్మకు, నాకు. రంగు వేసి ఆరబెట్టిన నూలు చిలపలను, అంటే పోగుల కట్టలను, మడిచి కట్టడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని. నాకు ఐదో ఏడు రాగానే అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, చిలప కొసపోగుకు ఎరుపైతే ఒక ముడి, ఆకుపచ్చైతే రెండు ముళ్ళు, పసుపైతే మూడు వేయడం నేర్పింది. "అన్నకు గుర్తు కోసం బిడ్డా. ఎవలకు చెప్పకు" అంది. ఎందుకో నేను అడగలేదు. నా ఎనిమిదో ఏట మిరపతోటలో పండుకాయలు ఏరుకురమ్మంటే అన్న పచ్చివీ పండువీ కలిపి గంపెడు కోసుకొచ్చాడు. అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి వాడి కళ్ళు నేనే.

కొట్టుకు కిటికీ లేదు. ఎండ తగిలితే రంగు వెలుస్తుందని బాపే పెట్టనివ్వలేదు. ఆ చీకట్లో మిగతావాళ్ళు తడుముకుంటూ ఉంటే మా అన్న వేళ్ళతో ముళ్ళు చూసి చిటికెలో తెచ్చేవాడు. అలా వచ్చింది వాడికి ఆ పేరు. పనివాళ్ళకు ముళ్ళు కనిపించక కాదు, అది మా ఇంటి ఆనవాయితీ అనుకున్నారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు జానయ్య, ఒక ముడి సాలెల మూలపురుషుడు మార్కండేయునిదనీ రెండు ముళ్ళు ఆయన తల్లిదండ్రులవనీ భక్తిగా చెప్పేవాడు. వింటూ నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

బాపు అంతటితో ఆగలేదు. కొడుకు చదువు కోసం ధన్వాడ దారిలో ఉన్న రెండెకరాల మాగాణిని అమ్మకానికి పెట్టాడు. మేం తినే బియ్యం ఆ మడిలోవే. మా చీరలు కొనే షోలాపూరు సేటు వచ్చి పోయాక కాగితాలు రాసుకుందామని కొనేవాడికి మాట కూడా ఇచ్చాడు. రెండెకరాలు పోతాయి, అన్న బొంబాయి పోతాడు, మొదటి వారమే ఎవరో రెండు గుడ్డపేలికలు చూపించి ఏది ఏ రంగని అడుగుతారు, వాడు తిరుగుబండి ఎక్కుతాడు. మడి మాత్రం తిరిగి రాదు. ఇది నాకు తెలుసు, అన్నకు తెలుసు. నోరు తెరిచి చెప్పేవాళ్ళే లేరు.

ప్రయాణం నెల ఉందనగా అన్న ఒక రేకు డబ్బా పట్టుకుని పెరట్లో నా దగ్గరికి వచ్చాడు.

"లచ్చీ, జర ఒక పని జేస్తవా? అన్ని రంగులయి చిన్న చిన్న పోగులు కట్టి ముళ్ళేసి ఇయ్యి. బొంబాయికి తీస్కపోత."

"తీస్కపోయి?"

"పక్కన వెట్టుకొని పోల్చుకుంట."

"దేంతోని పోల్చుకుంటవ్? కండ్లతోనేనా?"

అన్న డబ్బా వైపు చూశాడు. లెక్కల్లో పాలమూరు మొత్తానికి ముందు నిలబడ్డవాడు ఈ చిన్న లెక్క వేసుకోలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బొంబాయిల నూలుకు ముళ్ళేసెటోళ్ళు ఉండరన్నా. బాపుకు చెప్పు."

"ఎట్ల జెప్పాలె? ఊరంత చెప్పుకున్నడు."

"రేపు కాలేజోళ్ళు ఎల్లగొడ్తె ఊరు ఊకుంటదా?"

అన్న కాసేపు నేల గీకి, "నువ్వు జెప్పరాదు?" అన్నాడు.

ఇన్నేళ్ళు వాడి కళ్ళు నేను. ఇప్పుడు నోరు కూడా నేనే కావాలట! డబ్బా లాక్కుని పెంటకుప్ప మీదికి విసిరేశాను.

అమ్మ దగ్గరికి పోతే అక్కడా అదే వరస. పొయ్యి ఊదుతూ తల కూడా తిప్పలేదు.

"నోరు మూస్కో లచ్చీ. నువ్వు చెప్తే మీ బాపు మొదలు అనేది నా పుట్టింటిని."

"లింగన్న కండ్లకు, మీ పుట్టింటికి ఏం సంబంధమే?"

అమ్మ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. అమ్మ పుట్టిల్లు రామన్నపేట. అమ్మ కన్నతండ్రిని, మా తాతను, చిన్నప్పుడు రెండుసార్లు చూశాను. తెల్ల పంచలు తప్ప ఇంకేమీ నేసేవాడు కాదు. నా కళ్ళకు ఆయనలో ఏ లోపమూ కనిపించలేదు.

ఇంటిల్లిపాదీ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చుంటే నేనేం చేయను? నాకు చేతనైంది ఒకటే. ఆ వారం సేటు కోసమని రంగు వేసిన చిలపలన్నీ ఆరాక నీటుగా మడిచాను, కట్టాను, కొట్టులో పేర్చాను. ఒక్కదానికీ ముడి వేయలేదు.

షోలాపూరు సేటు పొద్దున తొమ్మిదింటికి దిగాడు. పెద్ద పాగా, చిన్న నవ్వు, దేన్నీ ఒక పట్టాన మెచ్చని మనిషి. బాపు ఆయనకు చాయ్ ఇప్పించి, మగ్గాలు చూపించి, చివరికి తలుపు ముందు నిలబెట్టి రెండు వరుసలూ చదివి వినిపించాడు.

"గీ పోరడే సేటూ, రంగులకు పొయ్యేది. ఎంత చీకటైనా చెయ్యి వెట్టి రంగు చెప్తడు. లింగా, సేటుకు కుంకుమ ఎరుపు తీసుకరా."

అన్న లోపలికి పోయాడు. ఎప్పుడూ చిటికెలో వచ్చేవాడు ఈసారి రాలేదు. లోపల చిలపలు జరిపిన చప్పుడు వినిపిస్తోంది. నేను స్తంభం వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను. కోపంతో చేసిన పనికి అప్పుడు భయమేసింది. చాలాసేపటికి అన్న బయటికి వచ్చి చేతిలోది సేటు ముందు పెట్టాడు.

చిలకపచ్చ.

సేటు తమాషా అనుకుని నవ్వాడు. బాపు నవ్వలేదు. ఒక్క క్షణం చూసి, తల కొట్టుకుని, ఇంట్లోకి కేకేశాడు.

"కృష్ణమ్మా! ఎండుమిరపకాయలు, ఉప్పు తీసుకరా! పోరనికి దిష్టి తాకింది. నేను ముందే అన్న, అందరి ముంగట గొప్ప చెప్పుడు మంచిది కాదని."

గొప్ప చెప్పింది ఎవరో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మ దిష్టి తీసింది. మిరపకాయల ఘాటుకు సేటు దగ్గాడు, జానయ్య తుమ్మాడు. బాపు సంతోషించి, "ఇగ పో, ఇప్పుడు తీసుకరా" అన్నాడు.

అన్న మళ్ళీ లోపలికి పోయాడు. చిలపలు జరిపిన చప్పుడు కూడా ఈసారి లేదు. బాపు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవబోతుండగా చీకట్లోంచి మాట వచ్చింది.

"బాపూ, ఏది ఎరుపో నాకు తెల్వది. ఎన్నడు తెల్వలే."

సేటు ఖాళీ చాయ్ కప్పులోకి చాలా శ్రద్ధగా చూడసాగాడు.

ఆ తర్వాతైనా మా బాపు మామూలు మనిషిలా కూర్చుని ఏడ్చాడా, అరిచాడా? లేదు. సేటును సాగనంపి వచ్చి కొడుకు రెప్పలు పైకెత్తి చూశాడు. కళ్ళు తెల్లగా, నిక్షేపంలా ఉన్నాయి. ఇది వేడి చేసి వచ్చిన జబ్బేనని తేల్చాడు. మడి కొనేవాడికి మూడు వారాలు ఆగమని కబురు పంపి, కళ్ళకు మంచిదని పొన్నగంటి కూర మొదలుపెట్టించాడు. పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, ఒకరోజు పొన్నగంటి వేసిన జొన్నరొట్టె కూడా తిన్నాం. కళ్ళు బాగున్న మేం కూడా తినాలట, పంక్తిలో భేదం ఉండకూడదని. అంజయ్య కూర చూస్తేనే ఏడ్చేవాడు. బతుకంతా నోరెత్తని ఆ వకీలు మొదటిసారి వాదించింది ఆ కూర మీదే, ఓడిపోయాడు.

అన్న నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. నాకూ తిండి సహించలేదు, అది కూర వల్ల కాదు. అందరి ముందు వాణ్ణి నిలబెట్టింది నేనే. ఐదో రోజు మగ్గం గుంటలో కూర్చుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"ముళ్ళు ఎందుకెయ్యలే?"

"నువ్వు నోరు తెరుస్తలేవని."

"తెరిచిన గద."

"చీకట్ల తెరిచినవ్."

పోగు చుట్టిన నాడె మగ్గం మీద రెండుసార్లు అటూ ఇటూ పోయింది. "ఏడైతేంది లచ్చీ. ఆ పొద్దు సంది మంచిగ నిద్ర వడ్తాంది. నాకు బొంబాయి వద్దు, గీ మగ్గం చాలు" అన్నాడు. ఈ మాట నెల ముందు బాపుతో అని ఉంటే మాకు పొన్నగంటి తప్పేది కదా! అయినా వాడు నాతో మాట్లాడినందుకు ఏడుపొచ్చింది, పెరట్లోకి పోయి ఏడ్చాను.

మూడు వారాలు నిండాయి. బాపు అన్నను ఎండలో నిలబెట్టి రెండు చేతుల్లో రెండు చిలపలు పట్టుకున్నాడు. అన్న చెప్పింది తప్పైంది. బాపు చేతులు మార్చి మళ్ళీ అడిగాడు. మళ్ళీ తప్పే.

"మరి ఇన్నేండ్లు ఎట్ల తెచ్చినవ్ రా?"

అన్న నా వైపు చూపించి ముళ్ళ సంగతి చెప్పాడు. బాపు చాలాసేపు నన్ను చూశాడు. నన్ను అంతసేపు చూడడం అదే మొదలు. ఇన్నాళ్ళకు ఈయనకు నేను కనిపించాను, ఇప్పుడు నన్నేదో అడుగుతాడు అనుకున్నాను. బాపు కొట్టు తలుపు దగ్గరికి పోయి, భుజం మీది తువ్వాలతో లింగస్వామి వరుస తుడిచేశాడు. మొహం వెలిగిపోతోంది.

"ఫికర్ లేదు. రంగుల కాలేజీల సదివిన పిలగాన్ని సూసి మన లచ్చికి చేద్దం. అల్లుడైతేంది, కొడుకైతేంది!"

సుద్దముక్క తీసి రాశాడు. "అల్లుడు – రంగుల కాలేజీ – బొంబాయి."

ఎవడో, ఏ ఊరివాడో, వాడి మొహం ఎట్లా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. అలాంటివాడికి తలుపు మీద జాగా దొరికింది. నేను మాత్రం గొళ్ళెం దగ్గరే ఉన్నాను. అరుద్దామని నోరు తెరిచాను. నాకంటే ముందు అమ్మ అంది.

"తుడువు."

అమ్మ బియ్యం కడుగుతున్న చేతులతోనే వచ్చి నిలబడింది. అమ్మ బాపుకు ఎదురు మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. బాపు కూడా విననట్టే ఉంది, ఇంకెవరో అన్నారనుకుని వెనక్కి చూశాడు.

"మా నాయినకు గూడ గిట్లనే" అంది అమ్మ. "పెండ్లయ్యే దాక ముళ్ళు నేనే ఏసిన. రామన్నపేటల మా నాయిన నేసిన ఎర్రంచు చీరెలంటే పేరుండె. నేను గీడికొచ్చినంక ఆయనకు ముళ్ళేసెటోళ్ళు లేకపాయె. గంతే, సచ్చిపొయ్యే దాక తెల్ల పంచలే నేసిండు. ముసలాయనకు తెలుపు మీద మనసువడ్డదన్నరు అందరు. నేనూ ఊకున్న."

అమ్మ బాపు ముందుకు ఇంకో అడుగు వేసింది.

"పుట్టింటిని అంటవేమోనని ఇన్నేండ్లు దాచిన. ఇప్పుడు అను, పడ్త. రేపు లచ్చి అత్తగారింటికి పోతది. లింగడు గూడ తెల్ల పంచలే నేస్తడా? దాని కడుపున గసొంటోడే పుడ్తె మళ్ళ దాని బిడ్డెనేనా ముళ్ళేసేది? ఎన్ని తరాలు జెయ్యాలయ్యా మేము? ఇంట్ల కండ్లున్నదాన్ని వెట్టుకొని అల్లున్ని ఏడికెల్లి ఎతుకుతవ్?"

అమ్మ లోపలికి పోయింది. బియ్యం కడుగు నీళ్ళు వాకిలి దాకా చుక్కలు చుక్కలుగా పడి ఉన్నాయి.

బాపు అమ్మ పుట్టింటిని ఏమీ అనలేదు. తలుపు ముందు నిలబడి సుద్దముక్కను వేళ్ళ మధ్య నలిపాడు. "అల్లుడు" అన్న మాటను తువ్వాల కొసతో తుడిచి, అక్కడ "యాదలక్ష్మి" అని రాశాడు. అది నా నిండు పేరు, ఆ తలుపు మీద మొదటిసారి. కానీ మా బాపు కదా, రాసిన తర్వాతే ఆలోచిస్తాడు.

"నాలుగు సదివి ఊకున్నది గదా ఇది? కాలేజీకెట్ల పోతది? ఎవరాపిన్రు దీన్ని?"

ఆపింది ఆయనే. కాసేపటికి ఆయనకే గుర్తొచ్చినట్టుంది, తల వంచుకుని "బొంబాయి" కూడా తుడిచి, చిన్న అక్షరాలతో రాశాడు. "ఐదో తరగతి – పాలమూరు."

మడి అమ్మలేదు. కాలేజీ అప్పటికి చాలా దూరంలో ఉంది. వానలు మొదలయ్యాక నేను పాలమూరులో ఆడపిల్లలు ఉండి చదువుకునే బడికి బయల్దేరాను. పదేళ్ళ పిల్లల మధ్య పద్నాలుగేళ్ళ దాన్ని కూర్చోవాలి. తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది. సాగనంపడానికి బాపు బస్సు దాకా వస్తాడనుకున్నాను. పొద్దుట్నుంచీ మనిషి జాడే లేదు. ఇంత రాద్ధాంతం చేసి చివరికి మొహం చాటేశాడని తిట్టుకుంటూ బస్సెక్కి కూర్చున్నాను.

బస్సు కదలబోతుండగా బాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక చంకలో తడారని చిలపల కట్ట, మొహం మీద చెమట, వేళ్ళకంతా ఎరుపు. అంత పెద్ద వేళ్ళతో ఆయన జీవితంలో పోగుకు ముడి వేసి ఎరగడు. కిటికీ ఊచ పట్టుకుని ఆయాసపడుతూ అడిగాడు.

"లచ్చీ, ఆకుపచ్చకు రెండేనా?"

"అమ్మ పదిసార్లు చెప్పే ఉంటది గద!" అన్నాను. "రెండే బాపూ. ఎరుపుకు ఒకటి."